ముళ్లపంది ఎంచుకున్న బ్యాంకు

మబ్బులకోన అనే అడవిలో జొన్నవాగు పారుతూ ఉండేది. వాగుకు ఇటువైపు ముళ్లపందులు, ఉడుతలు, అడవికోళ్లు, అడవిపందులు ఉండేవి. అటువైపు ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఇటువైపు జంతువుల చుట్టాలు పక్కాలు ఉండేవి. వాగు మీద అడ్డంగా పడిన ఒక పెద్ద మద్దిమాను మీదుగా అందరూ అటూ ఇటూ నడిచేవారు.

ఆ అడవిలో ఇప్పగింజలే డబ్బు. గింజలు ఇస్తే కొట్లో దుంపలు, ధాన్యం, తేనె, ఏది కావాలంటే అది దొరికేది. అందుకని ఎండాకాలంలో జంతువులన్నీ గింజలు ఏరుకుని తాబేలు అవ్వ దగ్గర దాచుకునేవి. వానలు పడ్డాక కావలసినన్ని తీసుకుని వాడుకునేవి.

ఒక ఏడు వానలు ఇంకా మొదలుకాక ముందే తాబేలు అవ్వ అందరినీ పిలిచింది.

"నాకు చూపు ఆనడం లేదు. ఎవరి గింజలు ఎవరివో పోల్చుకోలేకపోతున్నాను. ఎవరివి వాళ్లు తీసుకెళ్లి మంచి బ్యాంకు చూసుకోండి" అంది.

"ఏ బ్యాంకు మంచిదో నువ్వే చెప్పు అవ్వా" అన్నాయి జంతువులు.

"ఈ కాలం బ్యాంకులన్నీ ఫోన్లో నడుస్తున్నాయట. నాకు ఫోను సంగతి తెలియదు. తెలియనిదాని గురించి ఎలా చెప్పను? మీరే చూసుకోవాలి" అంది అవ్వ.

ఆ గుంపులో గోరింత అనే ముళ్లపంది ఉంది. గోరింతకు దేన్ని చూసినా 'ఇదెలా పనిచేస్తుంది?' అనే ఆరాటం. ఆ ఆరాటం పుట్టినప్పుడల్లా దాని ఒంటి మీద ముళ్లు గలగలమనేవి. ఇప్పుడూ గలగలమన్నాయి.

పక్కనే తురాయి అనే అడవిపుంజు నిలబడి ఉంది. ఎర్రటి జుట్టు, మెరిసే తోక. తనంత అందగాడు, తెలివైనవాడు కోనలో లేడని తురాయి నమ్మకం.

"నేను ఎప్పుడో చూసుకున్నాను. మెరుపు బ్యాంకు!" అని తన ఫోన్ తీసి చూపించింది.

ఫోన్ తెరవగానే బంగారు రంగు పుంజు ఒకటి తెర మీదికి వచ్చి రెక్కలు కొట్టి "కొక్కొరోకో" అని కూసింది. చుట్టూ తారాజువ్వలు పేలాయి. కుందేలు పిల్లలు చప్పట్లు కొట్టాయి.

"చూశావా గోరింతా? మొత్తం నా గింజలన్నీ ఇందులోనే వేస్తున్నాను" అంది తురాయి.

"బాగుంది అన్నా. మరి ఈ బ్యాంకు ఎక్కడుంది?" అని అడిగింది గోరింత.

"ఎక్కడో తెల్లరాళ్ల గుట్ట అవతల. నక్కగారు నడుపుతారు. ఎక్కడుంటే మనకేం? చేతిలోనే ఉందిగా!"

"ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరిని అడుగుతావు?"

"ఇబ్బంది ఎందుకొస్తుంది? నీలాగా సందేహాలు పడుతూ కూర్చుంటే వానలొచ్చి పోతాయి" అని తురాయి తోక ఎగరేసుకుంటూ వెళ్లిపోయింది. నక్క పంపిన పనివాళ్లకు గింజలన్నీ ఆ రోజే అప్పగించేసింది.

గోరింత తొందరపడలేదు. దగ్గరలో ఉన్న బ్యాంకులను చూసి వద్దామని బయలుదేరింది.

ముందుగా అడవిపంది నడిపే బండరాయి బ్యాంకుకు వెళ్లింది. అది ఇంటికి చాలా దగ్గర. గోడలు రాతివి. తలుపు తీయాలంటే ఇద్దరు బలవంతులు కావాలి.

"అబ్బ, ఎంత గట్టి తలుపు! ఫోన్లో నా గింజలు చూసుకోవచ్చా మామా?" అని అడిగింది గోరింత.

"ఎందుకు చూసుకోకూడదు? ఇదిగో" అని అడవిపంది ఫోన్ నొక్కింది. ఏమీ కనబడలేదు. మళ్లీ నొక్కింది. తెర మీద ఒక చక్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

"సర్వర్ పనిచేయడం లేదు. రేపు వస్తుంది" అంది అడవిపంది.

మర్నాడు వెళ్తే చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అడవిపంది సిగ్గుపడి, "ఫోను ఎందుకులే అమ్మా, నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి. నేనుంటాను" అంది.

"నువ్వు మంచివాడివే మామా. కాని వాగు పొంగినప్పుడు నేను గూట్లోంచి కదల్లేను. అప్పుడెలా?" అంది గోరింత.

తర్వాత గోరింత వాగు గట్టు మీద ఉన్న కోన బ్యాంకుకు వెళ్లింది. చారలయ్య అనే ఉడుత దాన్ని నడుపుతోంది. చిన్న గది. ముందు ఒక చాప. చారలయ్య ఫోన్లో కూసే పుంజులు లేవు, తారాజువ్వలు లేవు. తెల్లటి తెర మీద నాలుగు మాటలు ఉన్నాయి: చూడు, పంపు, తాళం, పిలువు. అంతే.

"ఇంతేనా బాబాయ్?" అంది గోరింత.

"ఇంతే తల్లీ. నొక్కి చూడు" అన్నాడు చారలయ్య.

గోరింత ముళ్లు గలగలమన్నాయి. గుప్పెడు గింజలతో ఖాతా తెరిచింది. మిగతావి ఇంకా ఇంట్లోనే ఉంచుకుంది. 'చూడు' నొక్కింది. తన గింజలు కనబడ్డాయి. 'పంపు' నొక్కి, వాగు అవతల కొట్టు పెట్టుకున్న ఎలుగు తాతకు కొన్ని గింజలు పంపింది. తర్వాత మద్దిమాను మీదుగా పరిగెత్తుకుంటూ వెళ్లి, "తాతా, వచ్చాయా?" అని అడిగింది.

"నువ్వు రాకముందే వచ్చాయి. ఏం కావాలి?" అన్నాడు ఎలుగు తాత.

"ఏమీ వద్దు తాతా. వచ్చాయో లేదో చూద్దామని!" అని మళ్లీ వెనక్కి పరిగెత్తబోయింది. ఎలుగు తాత నవ్వుకుని, దాని చేతికి ఒక దుంప ఇచ్చి పంపాడు.

చారలయ్య దగ్గరికి వచ్చాక గోరింత ఆలోచనలో పడింది.

"బాబాయ్, గింజలు వెళ్లాయని నా ఫోన్‌కు కబురు రాలేదేం? నాకు తెలియకుండా ఎవరైనా పంపేసుకుంటే?"

చారలయ్య తల గోక్కున్నాడు. "నువ్వు చెప్పింది నిజమే. కబురు కావాలని అడిగినవాళ్లకే పంపుతున్నాం. అడగనివాళ్లకూ పంపాలి." అక్కడికక్కడే ఆ పని మొదలుపెట్టాడు. తప్పు చెబితే కోపం తెచ్చుకోకుండా దిద్దుకోవడం గోరింతకు నచ్చింది.

"ఇంకొక్కటి. నా ఫోన్ వాగులో పడిపోయిందనుకో. అది ఎవరికో దొరికిందనుకో."

"పోయిందనుకునే చూద్దాం. నీ ఫోన్ ఇక్కడ పెట్టు. బయటికి వెళ్లి ఎవరి ఫోన్ నుంచైనా నన్ను పిలువు" అన్నాడు చారలయ్య.

గోరింత వాగు దాటి వచ్చిన ఒక కుందేలు ఫోన్ అడిగి తీసుకుని పిలిచింది. చారలయ్యే పలికాడు. పిలిచింది గోరింతేనని తెలుసుకోవడానికి దానికి మాత్రమే తెలిసిన సంగతులు కొన్ని అడిగాడు. ఖాతాకు తాళం వేశాడు. గోరింత లోపలికి వచ్చి తన ఫోన్ నొక్కితే ఖాతా తెరుచుకోలేదు!

"నా ఖాతా నాకే తెరుచుకోవడం లేదు!" అని అది సంతోషంతో గెంతింది.

చారలయ్య తాళం తీసి ఇచ్చి, "ఒక్క మాట గుర్తుపెట్టుకో తల్లీ. ఫోన్లో నువ్వు నొక్కే రహస్య సంఖ్యను మేము ఎప్పుడూ అడగం. ఎవరైనా అడిగితే, వాడు ఎంత తీయగా మాట్లాడినా, వాడు మావాడు కాదు" అన్నాడు.

గోరింత మరికొన్ని రోజులు చూసింది. ఎండ కాసినా గాలి వీచినా ఫోన్లో బ్యాంకు తెరుచుకుంటూనే ఉంది. అప్పుడు మిగతా గింజలన్నీ తెచ్చి కోన బ్యాంకులో వేసింది.

దారిలో తురాయి ఎదురై పకపకా నవ్వింది. "బ్యాంకు వెతుక్కోవడానికి ఇన్నాళ్లా! నేనైతే ఈపాటికి ఫోన్లో కూత విని విని అలసిపోయాను."

"గింజలు ఎవరికైనా పంపి చూశావా అన్నా?" అంది గోరింత.

"అవసరం వచ్చినప్పుడు చూస్తాలే" అంది తురాయి.

వానలు వచ్చాయి. ఆ ఏడు వానలు మామూలు వానలు కావు. జొన్నవాగు ఎర్రగా పొంగి మద్దిమానును లాక్కుపోయింది. ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే ఉండిపోయారు.

గోరింత చెల్లెలు సంపెంగి వాగు అవతల ఉంది. దానికి పిల్లలు పుట్టి ఎన్నో రోజులు కాలేదు. గూట్లోకి నీళ్లు వచ్చి దుంపలన్నీ కుళ్లిపోయాయి.

"అక్కా, పిల్లలకు పాలు పడటం లేదు. నిన్నటి నుంచి నేనేమీ తినలేదు" అని ఫోన్లో ఏడ్చింది.

"ఏడవకు. ఎలుగు తాత కొట్టుకు వెళ్లు. నువ్వు చేరేసరికి గింజలు చేరతాయి" అంది గోరింత. గూట్లోంచి కదలకుండానే 'పంపు' నొక్కింది. కాసేపటికి చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నోటినిండా దుంప ఉండటంతో దాని మాట సరిగా వినబడలేదు. గోరింత మనసు కుదుటపడింది.

తురాయి పెళ్లాం చుక్కమ్మ కూడా అటువైపే ఉంది. పొదగడానికి పుట్టింటికి వెళ్లింది. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చాయి గాని, వాన నీటికి పుట్టింటి ధాన్యం మొలకెత్తి పాడైపోయింది.

"పిల్లలు కీచుకీచుమంటున్నాయి. ఏమైనా పంపించయ్యా" అని చుక్కమ్మ ఫోన్లో కబురు పెట్టింది.

"అదెంత పని!" అని తురాయి ఫోన్ తెరిచింది. బంగారు పుంజు కూసింది. తారాజువ్వలు పేలాయి. గింజలు పంపబోతే తెర మీద ఒక మాట వచ్చింది: 'వాగు అవతలికి పంపే సదుపాయం త్వరలో వస్తుంది.'

తురాయి మళ్లీ తెరిచింది. మళ్లీ కూత, మళ్లీ తారాజువ్వలు, మళ్లీ అదే మాట. బ్యాంకుకు ఫోన్ చేసింది. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని ఒక గొంతు చెప్పింది. తురాయి చెప్పినవన్నీ నొక్కింది. ఆ తర్వాత ఒక పాట మొదలైంది. ఆ పాట ఎంతకీ ఆగలేదు.

తురాయి కొమ్మ ఎక్కి, "మెరుపు బ్యాంకు పలకడం లేదు! ఎవరికైనా తెలుసా?" అని కోన అంతా వినబడేలా అరిచింది.

కొంచెం సేపటికే ఫోన్ మోగింది.

"అయ్యా తురాయిగారూ, మెరుపు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను. మీలాంటి పెద్దవారికి కష్టం కలిగినందుకు సిగ్గుగా ఉంది. మీ రహస్య సంఖ్య చెప్పండి. ఈ క్షణమే పంపించేస్తాను" అంది ఒక తీయని గొంతు.

'పెద్దవారు' అన్న మాటకు తురాయి ఛాతీ ఉబ్బింది. సంఖ్య చెప్పేసింది.

ఎంత సేపు చూసినా చుక్కమ్మకు గింజలు అందలేదు. అనుమానం వచ్చి ఫోన్ తెరిస్తే బంగారు పుంజు ఎప్పటిలాగే హుషారుగా కూసింది. దాని కింద, ఖాతాలో, ఒక్క గింజ కూడా లేదు. పోయినట్టు కబురైనా రాలేదు.

తురాయి తడిసి ముద్దై గోరింత గూటికి పరిగెత్తింది. ఎర్రటి జుట్టు ఒక పక్కకు వాలిపోయింది.

"గోరింతా, మోసపోయాను! నా పిల్లలు..." అని జరిగిందంతా చెప్పింది.

గోరింత వెంటనే చారలయ్యకు ఫోన్ చేసి ఏం చేయాలో అడిగింది.

"ఆ ఖాతా మా దగ్గర ఉంటే ఇప్పుడే తాళం వేసేవాడిని. మెరుపు బ్యాంకు తలుపు తెల్లరాళ్ల గుట్ట అవతల ఉంది. ఆయనే వెళ్లి మొర పెట్టుకోవాలి" అన్నాడు చారలయ్య బాధగా.

"ముందు పిల్లలు తినాలి అన్నా. మిగతావి తర్వాత" అంది గోరింత. తన గింజల్లోంచి చుక్కమ్మ పేరున ఎలుగు తాత కొట్టుకు పంపింది.

తురాయి తల దించుకుంది. రెక్కలు జోడించి దండం పెట్టింది.

వాన కాస్త తెరిపి ఇవ్వగానే తురాయి గుట్టలెక్కి, బురదలో జారి, తోక ఈకలు ఊడిపోగా మెరుపు బ్యాంకుకు చేరింది. నక్క పళ్లు కుట్టుకుంటూ అంతా విని, "సంఖ్య చెప్పింది తమరే కదా. మేమేం చేయగలం?" అంది. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు. ఎండాకాలమంతా ఏరిన గింజలు మళ్లీ రాలేదు. వానాకాలమంతా తురాయి బురదలో పురుగులు వెతుక్కుంటూ బతికింది.

వాగు తగ్గాక చుక్కమ్మ పిల్లలను వెంటేసుకుని ఇంటికి వచ్చింది. దారిలో ఏరిన కొత్త గింజలు కొన్ని మూట కట్టుకుంది. తురాయి ఆ మూట కోసం చెయ్యి చాపింది.

"వద్దులే. ఈసారి నేను వెళ్తాను" అని చుక్కమ్మ గోరింతను తోడు తీసుకుని కోన బ్యాంకుకు నడిచింది. చాప మీద స్థిరంగా కూర్చుంది. పిల్లలన్నీ చుట్టూ సర్దుకున్నాయి.

"చారలయ్యగారూ, ఖాతా తెరిచే ముందు నాకు కొన్ని సందేహాలున్నాయి" అంది.

"అడగమ్మా. అందుకే కదా మేమిక్కడ కూర్చున్నది" అన్నాడు చారలయ్య.

పొద్దు వాలేదాకా చుక్కమ్మ అడుగుతూనే ఉంది. తురాయి బయట నిలబడి ప్రతి జవాబూ చెవి ఒగ్గి విన్నది.

నీతి: తళుకు చూసి కష్టార్జితం అప్పగించకు, అడిగి, వాడి చూసి, ఆపదలో పలికే దగ్గరివారినే నమ్ము.