పిడికెడు అన్నానికి నూట నలభై ఇళ్ళు

తాళ్ళమెరకలో వంటవాళ్ళు ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు భీమేశం, నడిమివాడు పట్టాభి, చిన్నవాడు అబ్బులు. వాళ్ళు పులిహోరకి తాలింపు వేస్తే ఏటికి అవతలి ఊళ్ళో జనం ఉత్త చేతులు నాక్కునేవారు. ఒకసారి వాళ్ళ సాంబారు గుండిగలో గేదెదూడ పడితే, అది ఈదుకుంటూ అంచుకి చేరేసరికి పెద్ద గేదెగా ఎదిగిందట. చేతివంట సంగతి అలా ఉంటే, తెలివి సంగతి దానికి పదింతలు. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఎందుకంటే ఇంకెవరూ చెప్పేవారు కాదు.

రుజువు లేకుండా చెప్పుకునే రకం కాదు లెండి. ఒక పెళ్ళిలో ఎనిమిది వందల మందికి కాచిన సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంకొకడైతే నీళ్ళు పోసేవాడు. భీమేశం గరిటె భుజాన వేసుకుని, రుచి చూసి, "ఉప్పు ఎక్కువ కాలేదురా, మనుషులు తక్కువయ్యారు" అన్నాడు. అంతే, తమ్ముళ్ళు పొరుగూరు పరుగెత్తి మరో రెండు వందల మందిని తోలుకొచ్చారు. వెయ్యి మందీ పొద్దుగూకేదాకా చెరువు మీద పడి నీళ్ళు తాగారు కానీ, ఉప్పు మాత్రం తలా కాస్తా పంచుకున్నారు. "పంచితే ఏదైనా తగ్గుతుంది" అన్న సూత్రం భీమేశానికి ఆనాడే దొరికింది.

అలాంటివాడు యాభై రెండో ఏట, పంచాయతీ ఆఫీసు దగ్గర వైద్య శిబిరం పెడితే వెళ్ళి పరీక్షకి రక్తమిచ్చాడు. డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"భీమేశం గారూ, మీకు షుగరు ఇంకా రాలేదు. గుమ్మం దాకా వచ్చింది. మూడు నెలల సరాసరి ఆరు పాయింటు రెండు ఉంది, ఐదు పాయింటు ఏడుకి లోపల ఉండాలి. ఇప్పుడు తిండి మార్చుకుంటే అది వచ్చిన దారినే పోతుంది. లేదంటే మీ నాన్నగారి సంగతి మీకు తెలుసుగా."

తెలియకేం. నాన్నకి ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆయన ఒంటి చెప్పు ఇప్పటికీ నట్టింట్లో మేకుకి వేలాడుతోంది. రోజుకి పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడేవాడు భీమేశం. కాళ్ళు పోయాక వంటవాడు ఇంకెక్కడుంటాడు? ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఆ చెప్పు కేసి చూస్తే గొంతులో ముద్ద దిగలేదు. రెండో ముద్ద పెట్టి దాన్ని తోశాడు. మూడో ముద్దకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆరోసారి వడ్డించుకునేటప్పుడు మాత్రం పూర్తిగా బెంగపడ్డాడు.

"గుమ్మం దాకా వచ్చిందని డాక్టరమ్మే చెప్పింది కదండీ," అంది భార్య గవరమ్మ. "గుమ్మమే లేకపోతే లోపలికి ఎలా వస్తుందీ?"

అన్నదమ్ములు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత చిన్న ఉపాయం తమకి తట్టనందుకు కాస్త సిగ్గు కూడా పడ్డారు. ఇంకేముంది, పొద్దు వాలకముందే వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఇటుకలు పేర్చి సున్నం కొట్టేశారు. నట్టింటి కిటికీకి ఊచలు పీకేసి రాకపోకలన్నీ అందులోంచే పెట్టారు. భీమేశం బొజ్జ దగ్గర ఆగిపోతే లోపల్నించి తమ్ముళ్ళు లాగారు, బయటనించి గవరమ్మ తోసింది.

"వదిన బుర్రే బుర్ర. షుగరుకి కిటికీ సంగతి ఏం తెలుసు," అన్నాడు పట్టాభి.

ఇల్లు భద్రమయ్యాక తిండి సంగతికొచ్చారు. డాక్టరమ్మ చెప్పింది ఇంతే: కంచంలో సగం కూరలుండాలి, పావు వంతు పప్పో గుడ్లో ఉండాలి, మిగిలిన పావు వంతులోనే అన్నం. భీమేశం తన కంచం తెచ్చుకుని పావు వంతు చూసుకున్నాడు. అది పిచ్చుకకి ఎక్కువ, తనకి తక్కువ.

"అన్నయ్యా, కంచం ఎంతుండాలో చెప్పిందా?" అన్నాడు అబ్బులు.

"చెప్పలేదురా."

అంతే, అటక మీద నుంచి పెద్ద గుండిగ మూత దించారు. ఆ మూత ఎంతదంటే, దాని నీడలో నాలుగు పశువులు కట్టేసుకోవచ్చు. అబ్బులు దారం పట్టి కొలిచి, ముగ్గుతో నాలుగు భాగాలు గీశాడు. పావు వంతులో అన్నం పోస్తే దాని వెనక కూర్చున్న భీమేశం కనపడలేదు. కానీ నియమం నియమమే. గీత దాటి దొర్లిన ప్రతి మెతుకునీ వేలితో వెనక్కి నెట్టి మరీ తినేవాడు.

"ఎన్ని జన్మల పుణ్యమో ఈ నిష్ఠ," అని గవరమ్మ నెయ్యి వేసేది.

పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగాడు. డాక్టరమ్మ సంగతంతా విని, కాసేపు బల్ల మీద తల ఆనించి, మళ్ళీ లేచింది.

"కంచం మాట మర్చిపోండి. ఎప్పుడు తిన్నా, ఎక్కడ తిన్నా, కూర్చుంటే ఒక్క పిడికెడు అన్నం. అంతకి ఒక్క మెతుకు మించకూడదు. కూరలు మీ ఇష్టం. మూడు నెలలకి మళ్ళీ రండి."

"ఈ పిడికిలేనాండీ?" అని భీమేశం చెయ్యి చూపించాడు.

"అదే."

ఇంటికొచ్చి చూస్తే చిక్కు మొదలైంది. యాభై మందికి తక్కువ వండడం వాళ్ళ వంశంలో లేదు. గవరమ్మ చిన్న గిన్నెలో వండుతానంటే ముగ్గురూ చిన్నబుచ్చుకుని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అబ్బులు గుండిగలో పిడికెడు బియ్యం పోసి, బండెడు పుల్లలు ఎగదోసి, ఉడికిందో లేదో చూడ్డానికి నిచ్చెన వేసుకుని లోపలికి దిగాడు. మసితో పైకొచ్చాడు గానీ మెతుకుతో రాలేదు.

అప్పుడు భీమేశం గరిటె మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అన్నం ఎక్కువ కాలేదురా. మనుషులు తక్కువయ్యారు."

ఇంకేముంది, గాదెలో ధాన్యం దింపారు. తమ ఇల్లు కాక తాళ్ళమెరకలో ఉన్న నూట నలభై ఇళ్ళకీ పిలుపు వెళ్ళింది. ఇంటికొక మనిషి, రోజూ రెండు పూటలా, మూడు నెలలు. వాకిట్లో పందిరి, గుండిగ నిండా అన్నం, గోంగూర పప్పు, ముక్కల పులుసు, బెండకాయ వేపుడు, తోటకూర. లెక్క ప్రకారం తలా పిడికెడు వడ్డించారు. ఆ గోంగూర పప్పుకి పిడికెడన్నం ఎవడికి ఆనుతుంది?

"ఇంకాస్త వెయ్యి బావా," అన్నాడు వెనక వీధి గంగులు. "నీ షుగరు తగ్గాలని తింటున్నాం గానీ, మాకేం ఆశా?"

భీమేశం కళ్ళు చెమర్చాయి. వేశాడు. అందరికీ వేశాడు.

వంటవాడు ఆఖరి విస్తరి లేచాకే కూర్చోవాలి. అది వాళ్ళ వృత్తి మర్యాద, భీమేశం ఏనాడూ తప్పలేదు. తీరా తను కూర్చునేసరికి గుండిగలో గరిటె మోతే మిగిలేది. జనం తోటకూర, బెండకాయ అడుగున వదిలేస్తే అవీ, రెండు గ్లాసుల మజ్జిగా విస్తట్లోకి వచ్చేవి. ఎడం చెయ్యి పిడికిలి బిగించి, అందులో ఉండాల్సిన అన్నాన్ని తలుచుకుంటూ, కుడిచేత్తో తోటకూర తినేవాడు. మూడు నెలలూ అంతే. నాన్న చెప్పు కేసి చూసి, "పిడికెడు కూడా దక్కని ఈ బతుక్కి సరాసరి ఏం తగ్గుతుందిలే" అని దిగులుపడేవాడు. ఆ దిగుల్లోనే కిటికీలోంచి చేపలా జారిపోతున్న సంగతి గమనించుకోలేదు.

గడువు రోజున భీమేశం వెనక ఊరు ఊరంతా కదిలింది. మూడు నెలలు తిన్న విశ్వాసం మరి. డాక్టరమ్మ కాగితం చూసి కుర్చీలోంచి లేచింది.

"ఐదు పాయింటు ఐదు. బరువు పదకొండు కిలోలు తగ్గారు. ఏం చేశారు మీరు?"

"నూట నలభై మందిని పిలిచానండి," అన్నాడు భీమేశం.

ఆమెకి ఆ మాట వినే తీరిక లేదు. వచ్చినవాళ్ళందరూ చేతులు చాపి వరసలో నిలబడ్డారు. వాళ్ళ రక్తాలు చూసేసరికి ఒకరికి ఆరు, ఒకరికి ఆరు పాయింటు మూడు. గంగులుకైతే గుమ్మం దాటి నట్టింట్లో కూర్చుంది.

భీమేశం తమ్ముళ్ళ భుజాలు పట్టుకున్నాడు. "సాంబారులో ఉప్పులాగే అయిందిరా. నా షుగరు తలా కాస్తా పంచుకున్నారు. ఇంత మంచి ఊరు ఎక్కడుంటుంది?"

డాక్టరమ్మ బల్ల మీద కొట్టి అందరినీ పిలిచింది. "వినండి. భీమేశం గారు ఏం చేశారో మీరూ అదే చెయ్యండి. ఒక్కటి కూడా మార్చొద్దు."

ఇంకేముంది. ఇంటికి పోతూనే నూట నలభై ఇళ్ళ గుమ్మాలకీ ఇటుకలు లేచాయి. నూట నలభై కిటికీల ఊచలు ఊడాయి. మర్నాడు నూట నలభై వాకిళ్ళలో నూట నలభై గుండిగలు పొయ్యెక్కాయి. ఆ పొగకి సూర్యుడు దారి తప్పి ఏటి మీదుగా పోయాడు. ప్రతివాడూ గరిటె పట్టుకుని మిగతా నూట ముప్ఫై తొమ్మిది మందినీ పిలుస్తున్నాడు. వచ్చేవాడు మాత్రం ఒక్కడూ లేడు, ఎవడి గుండిగ దగ్గర వాడు కాపలా.

ఊళ్ళో ఖాళీగా ఉన్నవాడు భీమేశం ఒక్కడే. రోగం నయమైందని ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నూట నలభై పిలుపులూ ఆయనకే వచ్చాయి.

"వెళ్ళకపోతే ఎలాగండీ?" అంది గవరమ్మ. "మీ షుగరు పంచుకున్నవాళ్ళు."

వెళ్ళాడు. మొదటి ఇంట్లో కూర్చుని, ఒక్క పిడికెడు తిని లేచాడు. రెండో ఇంట్లో కూర్చుని, ఒక్క పిడికెడు తిని లేచాడు. నలభయ్యో ఇంట్లో గంగులు, "బావా, ఇంకో పిడికెడు" అని చెయ్యి పట్టుకుంటే భీమేశం గట్టిగా విదిలించుకున్నాడు.

"తప్పురా. ఎక్కడ కూర్చున్నా ఒక్క పిడికెడే అని డాక్టరమ్మ చెప్పింది. నాలుక నా అదుపులో ఉండబట్టే నయమైంది నాకు."

పొద్దు వాలేసరికి నూట నలభయ్యో ఇల్లు పూర్తయింది. ఒక్కచోట కూడా ఒక్క మెతుకు మించలేదు. తల ఎత్తుకుని, పొట్ట రెండు చేతులా మోసుకుని ఇంటికొచ్చి కిటికీలో తల దూర్చాడు. భుజాలు దిగాయి. పొట్ట దగ్గర ఆగాడు. తమ్ముళ్ళిద్దరూ లోపల్నించి లాగారు, గోడ మూలిగింది కానీ మనిషి కదల్లేదు. పై సగం నట్టింట్లో, కింది సగం వీధిలో.

గవరమ్మ గుండెలు బాదుకుంది. "ఏమండీ, చీకటి పడుతోంది. ఆ షుగరు గుమ్మం దొరక్క ఇక్కడే బయట తచ్చాడుతూ ఉంటుందేమో."

భీమేశం ముక్కుకి మూరెడు దూరంలో మేకుకి నాన్న ఒంటి చెప్పు వేలాడుతోంది. దాన్ని చూసి నిశ్చింతగా ఒక త్రేన్పు త్రేన్చాడు.

"కంగారు పడకే పిచ్చిదానా. నేను లోపలే ఉన్నానుగా," అన్నాడు. "బయటున్నవి కాళ్ళే."