మీసానికి అంటుకున్న పూతరేకు

రావులపాలెంలో మైకుసెట్లు అద్దెకిచ్చే భీమేశ్వరరావు అనే బ్రహ్మచారి ఉండేవాడు; మనిషి బంగారమే గానీ, ఎదుటివాళ్లు మొదలుపెట్టిన మాటని పూర్తి చేసే భారం తన మీదే ఉందనుకునేవాడు.

ఒకసారి కిళ్లీకొట్టు సోమన్న, "మా అత్తగారు నిన్న పొద్దున్న..." అన్నాడో లేదో, భీమేశు అతని భుజం పట్టుకుని "అయ్యో, పోయారా" అన్నాడు. "లేదయ్యా, వచ్చింది" అన్నాడు సోమన్న. అయినా భీమేశు పావుగంట ఓదార్చాకే కదిలాడు. అతను ఉన్నచోట మైకు దేనికని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. అది పొగడ్త అనుకుని భీమేశు వాళ్లకంటే గట్టిగా నవ్వేవాడు. కథలు చెప్పేవాళ్లందరికీ ఈ జబ్బు ఎంతో కొంత ఉంటుంది. ఈ కథ చెప్పేవాడికి కాస్త ఎక్కువే ఉందని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. అందుకని సాగదీయకుండా అసలు సంగతికి వచ్చేద్దాం.

భీమేశుకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. అతని పెళ్లి బాధ్యత అక్క వరాలు నెత్తిన వేసుకుంది. ఆరిళ్లలో పెళ్లిచూపులయ్యాయి. ఆరిళ్ల నుంచీ ఒకటే కబురు వచ్చింది, జాతకాలు కలవలేదని.

ఆ వైపు అదొక మర్యాద. అబ్బాయి నచ్చలేదని ఎవరూ మొహం మీద చెప్పరు. నింద నక్షత్రాల మీద వేస్తారు, అవి ఎలాగూ ఎదురు చెప్పవు గనక. భీమేశు మాత్రం ఆ మాటని నిజంగానే నమ్మాడు. ముగ్గురు సిద్ధాంతుల్ని మార్చాడు. మూడో ఆయన పాపం, దోషమేమీ లేదని చెప్పబోయాడు. భీమేశు "దోషం" వరకే విని, లేచి వెళ్లి, పచ్చరాయి ఉంగరం చేయించుకున్నాడు. అదీ పనిచేయకపోయేసరికి మీసం పెంచాడు.

అసలు కారణం వరాలుకి తెలుసు. తమ్ముడికి చెప్పాలని చాలాసార్లు చూసింది. "ఒరే తమ్ముడూ, నీలో ఒక్కటేరా..." అనేది. "పొట్టే కదక్కా, తగ్గిస్తున్నా" అనేవాడు. వినే గుణం లేనివాడికి, వినే గుణం లేదని ఎలా వినిపించాలో ఆవిడకి తోచేది కాదు.

ఏడో సంబంధం ఆత్రేయపురం నుంచి వచ్చింది. అమ్మాయి పేరు సత్యవేణి. నాయనమ్మ మంగాయమ్మతో కలిసి ఇంట్లోనే పూతరేకులు చేస్తుంది. పెళ్లిచూపుల రోజునే ఓ పెద్దింటి పెళ్లికి రేకులు అందించాల్సి వచ్చింది. కుర్చీలు వేసి, ముస్తాబై కూర్చునే తీరిక లేదనీ, ఏమీ అనుకోకపోతే పొయ్యి దగ్గరికే వచ్చి పిల్లని చూసుకోమనీ మంగాయమ్మ కబురు పెట్టింది. వరాలు సరేనంది. బయల్దేరేటప్పుడు మాత్రం తమ్ముడి చొక్కా కాలరు సర్దుతూ, ఇది కూడా తప్పిపోతే ఈ చుట్టుపక్కల తను గడప తొక్కని ఇల్లు ఇంకొకటి లేదని చెప్పింది. ఆ మాట మాత్రం భీమేశు చివరిదాకా విన్నాడు, కాలరు ఇంకా అక్క చేతిలోనే ఉంది గనక.

పొయ్యి గదిలో బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట మండుతోంది. సత్యవేణి పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగింది. కుండ మీద పొగమంచులాంటి పొర నిలిచింది. దాన్ని రెండు చేతులా ఒలిచి పక్కన చెక్క మీద వేసింది. ఒక్కసారి తలెత్తి చూసి, చిన్నగా నవ్వి, మళ్లీ గుడ్డ ముంచింది. ఆ ఒక్క చూపుకే భీమేశు అయిపోయాడు. వెనకటి ఆరిళ్లూ ఏ వీధుల్లో ఉన్నాయో కూడా మర్చిపోయాడు.

మనసు నిండితే ఎవరైనా కాసేపు మూగబోతారు. భీమేశుకి ఇంకా మాటలొచ్చాయి. "అబ్బబ్బ, ఏం ఉక్కండీ, ఫ్యాను లేదా..." అంటూ గట్టిగా ఊపిరి వదిలాడు. చెక్క మీది రేకులు గుంపుగా పైకి లేచాయి. రెండు నిప్పులో పడ్డాయి. ఒకటి వరాలు తలమీద వాలింది.

పైట చెంగు మూతికి అడ్డం పెట్టుకుని రేకులు చుడుతున్న మంగాయమ్మ చెయ్యెత్తి ఆపమంది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని మాట్లాడింది. ఆ గదిలో అదే పద్ధతి. రేకు ఊపిరికి కూడా ఆగదు గనక, ఎవరు ఏం చెప్పాలన్నా పక్కకి తిరిగి, కొంచెమే చెప్పాలి.

"అబ్బాయ్, నువ్వు చూసొచ్చిన ఆరో పిల్ల మా చెల్లెలి మనవరాలు" అంది మంగాయమ్మ గోడతో.

"అలాగా, జాతకాలు కలవలేదండీ, ఆ సిద్ధాంతి..."

"జాతకం ఎవరు చూశారు? ఆ పిల్ల నీకు తన పేరు చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచిందట. మూడుసార్లూ నువ్వే మాట్లాడావట. కుర్రాడు మంచివాడే, కానీ ఆ ఇంట్లో నాకు మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది అని అడిగిందట వాళ్లమ్మని."

భీమేశు ఆ అమ్మాయి పేరు గుర్తు తెచ్చుకుందామని చూశాడు, దొరకలేదు. అక్క వంక చూశాడు. వరాలు జుట్టులోంచి రేకు తీసుకుంటున్నట్టు తల దించుకుంది. ఉంగరం ఉన్న చేతిని భీమేశు వీపు వెనక్కి దాచుకున్నాడు.

మంగాయమ్మ జాలిపడ్డట్టే కనిపించింది. పక్కన పీట వేసి, తడిగుడ్డా, నేతి గిన్నే, పంచదార పొడీ ముందుకు జరిపింది. "పది రేకులు చుట్టు. ఈలోగా మా పిల్ల చెప్పాల్సింది చెబుతుంది" అంది.

భీమేశు మొదటి రేకు అందుకుని "ఓస్, ఇంతేనా" అన్నాడు. రేకు లేచి వచ్చి మూతికి అతుక్కుంది. దులుపుకున్నాడు. రెండోది కసిరినట్టు చిరిగింది. మూడోదానికి ఊపిరి బిగబట్టాడు. తడిగుడ్డతో మెల్లగా అద్ది, నెయ్యి రాసి, పొడి చల్లి, వేలికొసలతో మడత మొదలుపెట్టాడు. చేతిలో రేకు ఉన్నంతసేపూ అటు తిరగడానికి లేదు, ఇటు మాట్లాడడానికి లేదు. పుట్టి బుద్ధెరిగాక భీమేశు అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు.

సత్యవేణి పనిలోనే మాట్లాడేది. ఒక మాట అని, గుడ్డ ముంచి, రేకు ఒలిచి, అప్పుడు ఇంకో మాట అనేది.

"మా నాన్న పోయేనాటికి నాకు పదహారేళ్లండి" అంది. గుడ్డ ముంచింది.

పాపం, ఎంత కష్టం వచ్చిందండీ అనే మాట భీమేశు గొంతుదాకా వచ్చేసింది. చేతిలో రేకు అంచు వణికింది. మింగేశాడు.

"అందరూ పాపం అన్నారు" అంది సత్యవేణి, రేకు ఒలుస్తూ. "ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట."

భీమేశు గతుక్కుమన్నాడు.

"ఈ పొయ్యి దగ్గర కూర్చుని కూర్చుని..." అని ఆగింది. కొబ్బరాకు విరిచి మంటలోకి తోసింది. గుడ్డ పిండింది. ఆ ఖాళీలో భీమేశు అయితే ఆరు వాక్యాలు పట్టించేవాడు. తర్వాత మాట విసుగొచ్చిందనే అయి ఉంటుందని అతనికి గట్టి నమ్మకం. జవాబు కూడా సిద్ధంగా ఉంది. పెళ్లయ్యాక మీరు పొయ్యి మొహం చూడక్కర్లేదు, రాణిలా కూర్చోండి అని చెప్పేస్తే అమ్మాయి ఎంత మురిసిపోతుందో కూడా ఊహించుకున్నాడు. పెదవులు విడివడ్డాయి. రేకు కొస లేచింది. మళ్లీ మూశాడు.

"...దీన్ని వదల్లేనంత ఇష్టం పెరిగిపోయిందండి" అంది సత్యవేణి. "ఇప్పటిదాకా నలుగురొచ్చారు. పెళ్లయ్యాక ఈ పని మానెయ్యొచ్చులే అని నలుగురూ వరమిచ్చి వెళ్లారు. నేను అడక్కుండానే."

భీమేశు వీపున చెమట కాలవ కట్టింది. ఐదోవాడు అయ్యే అదృష్టం వెంట్రుకవాసిలో తప్పింది.

అతను పదో రేకు మడిచి పళ్లెంలో పెట్టేటప్పటికి సత్యవేణి మాటలు ఆగాయి. ఇప్పుడు అతని చేతులు ఖాళీ, నోరూ ఖాళీ. వరాలు కళ్లు గట్టిగా మూసుకుంది. భీమేశు మెల్లగా గోడవైపు తిరిగాడు. కాసేపు ఆగాడు. వేరేవాళ్లకైతే అది మామూలే, అతనికి మాత్రం అది ఏడాదితో సమానం.

"ఇంకా ఏమైనా చెప్పాలనుందాండీ?" అని అడిగాడు.

వరాలు కళ్లు తెరిచి, అడిగింది తమ్ముడేనా అన్నట్టు చూసింది.

"ఉందండి" అంది సత్యవేణి. "మీ మీసానికి రేకు ముక్క అంటుకుంది. ఇందాకటి నుంచీ చెబుదామనుకుంటున్నాను."

ముందు నవ్వింది మంగాయమ్మే. తర్వాత వరాలు, ఆ తర్వాత భీమేశు. అంతమంది నవ్వుకి చెక్క మీది రేకులన్నీ గాల్లోకి లేచి గదంతా తిరిగాయి. మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చినా మంగాయమ్మ ఎవరినీ ఏమీ అనలేదు.

వెళ్లేముందు భీమేశు గుమ్మంలో ఆగాడు. "మా పెరట్లో కొబ్బరిచెట్ల పక్కన పొయ్యికి బోలెడు చోటుందండి. ఏ మూల వేయించమంటారు?" అని అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు. అది వచ్చేదాకా కదల్లేదు. "గాలి తగలని మూల" అంది సత్యవేణి.

రెండోరోజు సాయంత్రానికి మంగాయమ్మ నుంచి కబురు వచ్చింది. జాతకాలు ఇంకా చూడలేదనీ, చూడక్కర్లేదని మనవరాలు తేల్చేసిందనీ.

పెళ్లిలో మైకు భీమేశుదే. మాట్లాడింది మాత్రం మంగాయమ్మ. అరగంటసేపు మాట్లాడింది. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. కిళ్లీకొట్టు సోమన్న అతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం లేదు కదా అని కూడా చూశాడు.

పాత అలవాటు ఒక్కరోజులో పోదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరి మాటకో అడ్డంపడబోతాడు. అప్పుడు సత్యవేణి ఏమీ అనకుండా అతని చేతిలో ఒక రేకు పెడుతుంది. అతను నవ్వి, ఊపిరి బిగబట్టి, వినడం మొదలుపెడతాడు.

పెళ్లిచూపులకి వెళ్లేవాళ్లూ, పెళ్లయి ఏళ్లు గడిచినవాళ్లూ ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఎదుటివాళ్ల మాటని మధ్యలో తుంచేసే అలవాటు మనిషిలోని మంచి గుణాలన్నిటినీ కనపడకుండా చేస్తుంది, ఓపిగ్గా చివరిదాకా వినేవాడే ఎవరి మనసుకైనా దగ్గరవుతాడు.