మూగమెట్టు, మూడో గుక్క

అనగనగా అనగానే మీరు రాజుగారి కోసం వెతుక్కుంటారు. ఈ కథలో రాజు లేడు, చాయ్ కొట్టు ఉంది. టర్కీ దేశంలో, నల్ల సముద్రం ఒడ్డున, ఎవరికీ గుర్తులేనంత పాతకాలంలో దుర్సున్ అనే ఆయన ఆ కొట్టు నడిపేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు నెరిమాన్.

ఒకసారి ఓడవాళ్లు తడిసిపోయిన పియానో ఒకటి రేవులో దించి, మళ్లీ ఎక్కించే ఓపిక లేక వదిలిపోయారు. దుర్సున్ దాన్ని కొట్టులోకి ఈడ్పించి, పైన గ్లాసులు బోర్లించుకున్నాడు. నెరిమాన్ మూత తీసి మెట్లు నొక్కింది. అన్నీ పలికాయి. నడిమధ్య ఒక్కటి మాత్రం మూగనోము పట్టింది.

వడ్రంగి చూశాడు. పలకలేదు. కమ్మరి చూశాడు. పలకలేదు. పడవలు బాగుచేసే తాత చూసి, "దీని గొంతులోకి సముద్రం పోయింది తల్లీ, వదిలెయ్" అన్నాడు.

ఆ పిల్ల వదిలితేనా! అలలు విని, కాగే నీళ్ల కూత విని, సొంతంగా ఓ పాట కట్టింది. ఖర్మ చూడండి, ప్రతి చరణమూ వచ్చి వచ్చి ఆ మూగమెట్టు మీదే వాలేది.

"మార్చుకోవే" అన్నాడు తండ్రి.

"పాట అక్కడికే పోతానంటోంది నాన్నా, నేనేం చెయ్యను?"

ఓ రోజు పట్నం నుంచి పేరుమోసిన సంగీతం పంతులమ్మ ఓడ దిగి, చాయ్‌కని కొట్టుకొచ్చి, నెరిమాన్ పాట సంగతి వింది. "ఓడ కూత వేసేలోగా వాయించు. నచ్చితే వెంట తీసుకుపోయి నేర్పుతా, లేకపోతే లేదు" అంది.

నెరిమాన్ మొదలుపెట్టింది. దుర్సున్‌కు సంగీతం రాదు. కానీ రోజూ విని విని, ఆ ఖాళీలో ఏం పలకాలో ఆయన చెవికి తెలుసు. పంతులమ్మకని పోసిన చాయ్ చేతిలోనే ఉంది. ఖాళీ రాగానే చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. "టుంగ్!" బొంగురు. పంతులమ్మ మొహం చిట్లించింది. గ్లాసులో చాయ్ తగ్గేకొద్దీ మోత సన్నబడుతుందని తెలిసిన ఆయన, పొగలు కక్కే చాయ్ ఒక గుక్క మింగాడు. రెండో చరణం. "టంగ్!" ఇంకా బొంగురే. పంతులమ్మ గుమ్మం వైపు చూసింది. రెండో గుక్క. మూడో చరణం. "టెంగ్!" పంతులమ్మ లేచి నిలబడింది. ఓడ కూత వేసింది. ఆయన కళ్లనిండా నీళ్లతో మూడో గుక్క మింగాడు. చివరి చరణం.

"టింగ్!"

అచ్చం అదే. పంతులమ్మ మళ్లీ కూర్చుంది. పాట మళ్లీ మొదటి నుంచి వాయించమంది. ఓడ ఆమె కోసం ఆగింది.

"పిల్లా, నువ్వు నాతో వస్తున్నావు. ఇంతకీ అయ్యా, నా చాయ్ ఏది?"

"తాగేషానమ్మా" అన్నాడు దుర్సున్, కాలిన నాలుకతో.

పట్నంలో పంతులమ్మ ఆ పిల్లను వేళ్లు వాచేదాకా సాధన చేయించింది. నెరిమాన్ ఎన్నో పాటలు కట్టింది, ఎంతో పేరు తెచ్చుకుంది. మంచి మంచి పియానోలు దొరికాయి, ఒక్క మెట్టూ మూగది కాదు. అయినా ఆ పాటలో ఆ చోటు రాగానే చెయ్యి పైకెత్తి ఆగేది. ఎవరో ఒకరు గ్లాసు కొట్టేదాకా కదిలేది కాదు. మహా మొండిది!

నెరిమాన్ చనిపోయిన రోజున ఆమె శిష్యురాలొకతె రేవులోని ఆ పాత చాయ్ కొట్టులో ఆ పాటే వాయించి, ఆ చోట చెయ్యెత్తింది. దుర్సున్ పోయి ఎన్నేళ్లయిందో. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గబగబా మూడు గుక్కలు తాగారు. రేవంతా ఒక్కసారే "టింగ్" మంది.

ఇప్పటికీ ఆ ఊళ్లో మూడో గుక్క కాగానే గ్లాసు మీద చెంచాతో ఒక్కటి కొడతారు. ఎందుకయ్యా అని అడిగితే నవ్వుతారు.

"నెరిమాన్ చెయ్యెత్తుకుని కూర్చుంది. పాపం, ఎంతసేపని ఆగుతుంది!"