పల్లకీ బోయీల పరమాన్నం పందెం

అనగనగా ఒక రాజ్యం. దానికో రాజు కూడా ఉన్నాడు, ఉండనీండి, మనకు ఆయనతో పని లేదు. మన కథ ఆయన పల్లకీ మోసే బోయీలది.

వాళ్ళు మొత్తం ఎనిమిది మంది. అందరికంటే ముందు నడిచేవాడు పెద్దబోయీ ముత్తన్న. దారిలో రాయి కనపడితే "రాయి!" అని, గుంట కనపడితే "గుంట!" అని కేకవేయడం అతని పని. వెనకవాళ్ళకు దారి కనపడదు కదా మరి! చెవులతోనే నడవాలి.

అందరికంటే వెనక నడిచేవాడు నూకయ్య. పదకొండేళ్ళుగా అదే చోటు. వాడికి పైడమ్మ అని ఒక్కతే కూతురు. పల్లకీ తమ వీధిలోకి వచ్చినప్పుడల్లా అరుగెక్కి చూసేది. పల్లకీ వెనకే జనం మూగేవారు. ఆ గుంపులో నాన్న కనపడేవాడే కాదు.

"నాన్నా, నువ్వు నిజంగా పల్లకీ మోస్తావా?" అని అడిగేది. ఆ మాటకు నూకయ్య ప్రాణం ఉసూరుమనేది.

ఒకనాడు ముత్తన్న మోకాళ్ళు మొరాయించాయి. "ఒరే, ఇక నా వల్ల కాదు. రేపు రాణిగారి ఊరేగింపులో నా చోటు మీలో ఒకడు తీసుకోవాలి" అన్నాడు.

అంతే! ఏడుగురూ నేనంటే నేనని లేచారు. ముత్తన్న నవ్వి, "ఆకలేస్తోంది, ముందు పదండి. తింటూ తేల్చుకుందాం" అని అందరినీ సూరమ్మవ్వ పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయాడు.

సూరమ్మవ్వంటే ఏమనుకున్నారు! ముప్పై ఏళ్ళుగా వచ్చేపోయేవాళ్ళకు అన్నం పెడుతున్న మనిషి. "నా ఇంట తిన్నవాడు 'చాలు' అనాలే గానీ, నా నోట 'లేదు' అన్న మాట రాదు!" అనేది. ఎందరో పందెం కాశారు. ఒక్కడూ గెలవలేదు.

"ఈ పూట అదే పందెం" అన్నాడు ముత్తన్న. "చివరిదాకా 'చాలు' అననివాడిదే నా చోటు!"

అవ్వ కొంగు నడుముకు దోపింది. "కూచోండర్రా, చూద్దాం మీ ప్రతాపం!"

ఇక చూడండి సందడి! మొదట గారెలు వచ్చాయి. వేడివేడిగా, కరకరలాడుతూ. వేస్తుంటే తిన్నారు, తింటుంటే వేసింది. "బాబోయ్, చాలు!" అంటూ ముగ్గురు చేతులెత్తేశారు.

తరువాత పులిహోర వచ్చింది. "అమ్మో, చాలవ్వా!" అని మరో ఇద్దరు గోడకు చేరగిలబడ్డారు.

మిగిలింది ఇద్దరే. ఒకడు నూకయ్య. రెండోవాడు బోడన్న, అందరిలోకీ భారీ మనిషి. "బావా, నీకెందుకీ తంటా? వెనకే హాయిగా ఉన్నావుగా!" అని నూకయ్యను ఆటపట్టించాడు. అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడు పరమాన్నం వచ్చింది. అవ్వ వంటింట్లోకి వెళ్ళి గంగాళంలో గరిటె ముంచినప్పుడు 'బుడుంగు'మంది. ఇద్దరూ తిన్నారు. మళ్ళీ వెళ్ళింది. ఈసారి గరిటె 'గలగల'మంది. అదీ తిన్నారు. "ఊఁ, కానీయ్! కానీయ్!" అని ఓడినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

మూడోసారి గరిటె అడుగున 'గరగర'మని గీరింది.

ఆ కేకల్లో ఎవరికీ వినపడలేదు. పదకొండేళ్ళు చెవులతో నడిచిన నూకయ్యకు వినపడింది. గంగాళం అయిపోయింది!

వాడి కడుపులో ఇంకా చోటుంది. ఇది తిని ఇంకొక్క గరిటె అడిగితే చాలు, ఎవరూ గెలవని పందెం గెలిచినట్టే. రేపు పైడమ్మ తనను చూస్తుంది!

తలెత్తి అవ్వ ముఖం చూశాడు. నవ్వుతూనే ఉంది గానీ పెదవులు వణుకుతున్నాయి. ముప్పై ఏళ్ళ మాట ఆ పెదవుల మీద ఉంది.

నూకయ్య విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"చాలవ్వా! నా వల్ల కాదు. అది బోడన్నకు వెయ్యి."

"గెలిచా!" అని బోడన్న ఎగిరి గంతేయబోయాడు. గంతేయలేకపోయాడు, అది వేరే సంగతి. ఆ చివరి గరిటె ఎలాగో మింగి, "అబ్బా, నాకూ చాలు" అని వెల్లకిలా పడ్డాడు. వాణ్ణి భుజాల మీదికి ఎత్తబోయి ఇద్దరు కూలబడ్డారు. అందరూ ఒకటే నవ్వు. నూకయ్య మాత్రం చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి కళ్ళు కూడా కడుక్కుని వచ్చాడు.

ఇంతలో అవ్వ గంగాళం మోసుకొచ్చి అందరి మధ్య బోర్లించింది. ఒక్క మెతుకు రాలలేదు.

"నాయనలారా, ఓడింది నేను. ఇంకొక్క గరిటె అడిగితే నా నోట 'లేదు' వచ్చేది. గరిటె గీరగానే నూకయ్య తలెత్తాడు. తెలిసే 'చాలు' అన్నాడు" అంది.

"ఏరా, నిజమేనా?" అన్నాడు ముత్తన్న.

నూకయ్య తల వంచుకున్నాడు. "అవునన్నా. నా వల్ల కాదన్నది అబద్ధమే."

ముత్తన్న వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "నా చోటు కండ ఉన్నవాడికి కాదురా. గుంటను ముందే కనిపెట్టి, ఇంకొకరు పడకుండా ఆపేవాడికి. అవ్వ పడబోయే గుంటను నువ్వు చూశావు. రేపు ముందు నడిచేది నువ్వే!"

బోడన్న పడుకునే త్రేన్చాడు. "సరే బావా! రేపు నేనెలాగూ లేవలేను."

మర్నాడు రాణిగారి పల్లకీ వీధిలోకి వచ్చింది. పైడమ్మ అరుగు మీద నిలబడి చూసింది. ఒక్కసారిగా వీధి వీధంతా వినేటట్టు అరిచింది. "అదిగో! అదిగో మా నాన్న!"

నూకయ్యకు ఆనందంతో కళ్ళు మసకబారాయి. అయినా "రాయి!" అని కేకవేయడం మరచిపోలేదు.

కథ అయింది పిల్లలూ, ఇక మీ విస్తళ్ళ ముందుకు పదండి. ఈ మాట మాత్రం మరవకండి: తమ కడుపులో ఎంత చోటుందో అందరూ చూసుకుంటారు, పెట్టేవారి గిన్నెలో ఎంత మిగిలిందో చూసి 'చాలు' అనేవాడే ముందు నడవదగినవాడు.