పురిటికొండ అమ్మవారి పచ్చతీర్థం

పురిటికొండ మెట్లు ఎక్కుతుంటే గోపురం కంటే ముందు చాపలు కనిపిస్తాయి. దారికి రెండు వైపులా వాలు వెంబడి తేయాకు పొదలు, వాటి మీద వెదురు పందిళ్లు, పందిళ్ల మీద తుంగ చాపలు. ఫాల్గుణ బహుళ నవమి మొదలు చైత్ర శుద్ధ చతుర్దశి వరకు, ఇరవై ఒక్క రోజులు, కొండ కొండంతా ముసుగు తన్ని పడుకున్నట్టుంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ గంట మోగదు. బిగ్గరగా ఎవరూ మాట్లాడరు. గర్భాలయం గుమ్మానికి కూడా ఒక చాప వేలాడుతుంది. వచ్చినవారు ఆ చాపకే దండం పెట్టుకుని మెల్లగా దిగిపోతారు.

ఇంతదూరం వచ్చి అమ్మను చూడకుండా పోవాలా అని మొదటిసారి వచ్చినవారు చిన్నబుచ్చుకోవడం సహజమే. కాని అమ్మలారా, అయ్యలారా, పురిటింటికి వెళ్లినవాళ్లం గుమ్మం బయటే నిలబడి క్షేమం అడిగి రామా? ఇక్కడా అంతే. ఆ పురుడు ఎవరిది, ఈ కొండకు ఆ పేరు ఎలా వచ్చింది, ప్రసాదంగా మీ దోసిట్లో పోసే ఆ పచ్చని తీర్థం ఏమిటి అన్నది నిదానంగా చెప్పుకుందాం. మెట్లెక్కి అలిసి ఉంటారు, ఆ రాతి అరుగు మీద సర్దుకుని కూర్చోండి.

పూర్వం ఇక్కడ పాతిక గడపల ఊరు ఉండేది. చోళ్లు, అంటే రాగులు, సామలు పండించుకునే జనం. ఊరికంతటికీ ఒక్కతే మంత్రసాని, పేరు అచ్చియ్యమ్మ. చుట్టుపక్కల ఏడు ఊళ్ల పిల్లలు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారని చెప్తారు. ఒక వానాకాలం, తూర్పు సముద్రం అవతలి జపాను దేశపు బౌద్ధ భిక్షువొకాయన, పాతకాలం భిక్షువులు నివసించిన కొండలను దర్శించుకుంటూ వచ్చి, మన్యం జ్వరంతో ఆమె అరుగు మీద పడిపోయాడు. అచ్చియ్యమ్మ చోడి అంబలి పోసి, మూడు నెలలు కన్నబిడ్డను చూసినట్టు చూసింది. ఆయన్ను ఊళ్లో తూర్పుసామి అనేవారు.

లేచి తిరగగలిగిన రోజున తూర్పుసామి తన సంచిలోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో చిటికెడంత పచ్చని పొడి. వేడి నీళ్లలో వేసి, వెదురు కుంచెతో నురగ వచ్చేలా చిలికి ఆమెకు ఇచ్చాడు. అలాంటి రుచి అచ్చియ్యమ్మ పుట్టి ఎరగదు. వెళ్తూ వెళ్తూ దోసెడు తేయాకు గింజలు ఆమె కొంగులో పోశాడు. ఆకు కోసిన వెంటనే ఆవిరి పట్టాలని, సన్నని సెగ మీద ఆరబెట్టాలని, ఈనెలు తీసేసి రాతి తిరగలిలో విసరాలని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "మొక్క పెరిగాక నేనొస్తాను. మిగిలింది అప్పుడు చెప్తాను" అన్నాడు.

ఆయన రాలేదు. మొక్కలు పెరిగి తోట అయింది. అచ్చియ్యమ్మ ఏటా లేత ఆకు కోసి, చెప్పినది చెప్పినట్టు చేసి, చైత్ర పున్నమినాడు కొండ దేవతకు నైవేద్యం పెట్టేది. ఏటా అది వేపకషాయంలా చేదుగానే ఉండేది. "ఆ మిగిలిన మాటేదో తెలియక గాని" అని ఆమె పన్నెండేళ్లు సర్దిచెప్పుకుంది. పన్నెండో ఏడు ఊరి పెదకాపు ముసలినాయుడుకు ఓపిక నశించింది. "అచ్చియ్యక్కా, నీ మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్లూ తాగేను. ఈసారి కూడా చేదైతే మాత్రం పున్నమి మర్నాడే పొదలు పీకించి చోళ్లు చల్లిస్తాను" అని అందరి ముందూ చెప్పేశాడు.

ఇక మన కథకు మూలమైన మనిషి దగ్గరకు వద్దాం. ఆ ఏడే అచ్చియ్యమ్మ ఇంటికి కోడలు వచ్చింది. పేరు ఎర్నమ్మ. కొండ కింద తుంగపాడులో చాపలు అల్లే వారి పిల్ల. తుంగ కోయడం, చీల్చడం, అల్లడం తప్ప ఆమెకు సేద్యం తెలియదు. పుట్టింటి నుంచి సారెగా నలభై చాపలు తెచ్చుకుంటే ఊళ్లో ఆడవాళ్లు మూతి ముడిచి నవ్వారు. "ఇంటిల్లిపాదీ పడుకోడమే గాని లేచే పనుందా మీకు?" అని ఎకసెక్కాలు ఆడారు. ఎర్నమ్మ కూడా నవ్వేసి ఊరుకుంది. లోపల మాత్రం, తనకు వచ్చిన ఒక్క పనీ ఈ ఇంట్లో ఎవరికీ అక్కరలేదేమోనన్న బెంగ ఉండేది.

ఆ ఏడు చలి వెనకబడింది. ఫాల్గుణ బహుళ నవమినాడు, కొత్త చిగురు వేలెడంత లేచిన వేళ, తెల్లారేసరికి చిగుళ్ల కొసల మీద మంచు గడ్డకట్టి ఉంది. అచ్చియ్యమ్మ అంతకు వారం ముందే కాలు బెణికి మంచం పట్టింది. అక్కడి నుంచే గగ్గోలు పెట్టింది. "చిగురు మాడిపోతే ఇంకేటుందే! ఏదో ఒకటి కప్పండే!"

ఎర్నమ్మ పరుగున వెళ్లి నలభై చాపలూ తెచ్చింది. భర్త గుంపస్వామి వెదురు గుంజలు పాతి పందిరి వేస్తే, ఆమె ఒక్క సందు లేకుండా చాపలు పరిచి, అంచుకు అంచు కుట్టింది. మిగిలిన చోట్ల గడ్డి కప్పింది. చిగురు బతికింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అత్త నోట "శభాషే" అన్న మాట అదే మొదటిసారి వినడం.

నాలుగు రోజులకు చలి పోయింది. త్రయోదశినాడు అత్త చెప్పింది. "మంచు పోయింది గదా, ఎల్లి చాపలు తీసేయ్. ఎండ తగలక ఆకు పాలిపోద్ది."

ఎర్నమ్మ తోటకు వెళ్లింది. మధ్యాహ్నం. పందిరి అంచున కూర్చుని కుట్లు విప్పబోతూ, ఆ చల్లదనానికి కునుకు తీసింది. ఆ కునుకులో ఆమెకు ఒక తల్లి కనిపించింది. ముదురాకుపచ్చ చీర, చెవులకు గుడ్డ కట్టుకుని, పచ్చి బాలింతరాలిలా గోడకు చేరబడి ఉంది. "తల్లీ, చాప ఎత్తకు. నాకిప్పుడు ఎండ పనికిరాదు. చాప కప్పిన నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు నా గుమ్మం ముట్టుకోకు" అంది.

ఎర్నమ్మ ఉలిక్కిపడి లేచింది. అంచు కొద్దిగా ఎత్తి లోపలికి చూసింది. పొద మొదట్లో, గడ్డిలో, ఒక కౌజుపిట్ట ఏడు గుడ్ల మీద కూర్చుని ఉంది. ఎగరలేదు, అరవలేదు, ఆమెనే చూస్తోంది.

తుంగపాడు చాపలవారికి ఒక ఆచారం ఉంది. ఇంట్లో పురుడు వస్తే గుమ్మానికి కొత్త చాప కడతారు. ఇరవై ఒకటో రోజు స్నానం అయ్యేవరకు ఆ చాపను ఎవరూ ఎత్తరు. రాజుగారు వచ్చినా సరే. ఎర్నమ్మ పుట్టిందీ అలాంటి చాప వెనకే. సేద్యం చేసేవారెవరైనా పిట్టను పక్కకు తోలి చాప తీసేవారు. ఈ పిల్ల మాత్రం విప్పిన కుట్టు మళ్లీ కుట్టేసి, దండం పెట్టి ఇంటికి వచ్చింది.

"తీసినావా?" అని అత్త అడిగింది.

"తీస్తానత్తా" అంది ఎర్నమ్మ.

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. "రేపు రేపంటావు, ఆ రేపు ఏ కొండ దిగొస్తాదే?" అని అత్త విసుక్కునేది. ఎర్నమ్మకు అన్నం సహించేది కాదు. అత్త పన్నెండేళ్ల ఆశ ఆ చాపల కింద ఉంది. ఆకు చెడితే తోట పోతుంది. చాప ఎత్తితే కలలో కనిపించిన తల్లి మాట పోతుంది. ఇద్దరు తల్లుల మధ్య నలిగిపోతూ రోజులు లెక్కపెట్టుకుంది.

పదహారో రోజు శ్రీరామనవమి. పానకం పంచడానికి వచ్చిన పొరుగింటి దాలమ్మ, "అదేటొదినా, మీ తోటకింకా ముసుగు తీయలేదేటి? గడ్డి సందులోంచి చూసినాను, లోపల ఆకంతా నల్లబడిపోనాది!" అంది. అంతే. అచ్చియ్యమ్మ చేతిలోని పానకం ముంత కింద పెట్టేసింది. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ, వద్దన్నా వినకుండా కొండ వాలు ఎక్కింది. సగం ఊరు వెనక నడిచింది. ముసలినాయుడూ వచ్చాడు.

ఎర్నమ్మ పందిరి ముందు చేతులు చాపి నిలబడింది. అచ్చియ్యమ్మ ఆమెను పక్కకు నెట్టి, చాప అంచు పట్టుకుని ఒక్క ఊపున ఎత్తింది.

కౌజుపిట్ట కదల్లేదు. రెక్కలు ఇంకొంచెం పరుచుకుని గుడ్లను దాచుకుంది.

నలభై ఏళ్లుగా పురుళ్లు పోసిన మనిషి ఆ చూపును గుర్తుపట్టదా? అచ్చియ్యమ్మ ఇంకాస్త కిందికి వంగింది. నల్లబడిన ఆకును చూసింది, పిట్టను చూసింది. ఒక్క నిమిషం ఆగి, చాపను ఎంత మెల్లగా దించిందంటే, కింద గడ్డిపోచ కూడా కదల్లేదు. తర్వాత ఊరి వైపు తిరిగింది.

"పురిటింటి ముందు ఈ సంతేటి? నడండి, నడండి! నాయుడూ, నీకు వేరే చెప్పాలా?"

ముసలినాయుడు గొంతు తగ్గించి, "పున్నమికి నా గునపం తెచ్చుకుంటానక్కా" అన్నాడు. "తెచ్చుకో. ఇప్పుడు మాత్రం చప్పుడు చేయకుండా దిగు" అంది అచ్చియ్యమ్మ.

అందరూ వెళ్లాక కోడలి పక్కన చతికిలబడింది. "నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదే."

"చెప్తే తీసేద్దువని."

"తీసేద్దును" అని ఒప్పుకుంది అచ్చియ్యమ్మ. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి కాపలా కాశారు.

ఇరవై ఒకటో రోజు, చతుర్దశి ఉదయం, అత్త చూస్తుండగా కోడలు చాప ఎత్తింది. పిట్ట లేదు, పిల్లలు లేవు. ఏడు గుడ్డుపెంకులు, వాటి మధ్య నిన్నటి వరకు లేని ముదురాకుపచ్చ రాయి ఒకటి, రెక్కలు పరిచి పొదిగే పిట్ట ఆకారంలో. నేడు గర్భాలయంలో మనం దర్శించుకునే స్వయంభూ మూర్తి అదే. ఆ రాయి వెలసిన చోటే గుడి కట్టి, కొండను పురిటికొండ అన్నారు.

ఎర్నమ్మ లేత చిగురును మాత్రమే గోటితో గిల్లింది. ఎండ ఎరగని ఆ ఆకు నల్లగా కాదు, కాటుక కలిపినంత చిక్కని పచ్చగా ఉంది. పసిపిల్ల చెవి తమ్మెంత మెత్తగా ఉంది. కోసిన ఆకు కోసినట్టే, ఆవిరికుడుముకు కట్టినట్టు కుండ మూతికి గుడ్డ కట్టి ఆవిరి పట్టారు. ఆలస్యమైతే రంగు తిరుగుతుంది. చాప మీద పరిచి చేటతో విసిరి చల్లార్చారు. మట్టి మంగలంలో సన్నని సెగ మీద ఆరబెట్టి, నలిపి, కాడలూ ఈనెలూ చెరిగేశారు. పున్నమి పొద్దున అచ్చియ్యమ్మ తిరగలి ముందు కూర్చుంది. తొందరపడి తిప్పితే రాయి వేడెక్కి వాసన పోతుందని తూర్పుసామి చెప్పాడు గనుక, ఉయ్యాల ఊపినంత నిదానంగా తిప్పింది. తిరగలి అంచుల నుంచి పచ్చని పొడి రాలుతుంటే ఇల్లంతా తొలివాన పడిన చేలవాసన. గుడ్డతో జల్లెడపట్టి, మరిగి కాస్త నెమ్మదించిన నీళ్లలో వేసి, చిన్న కవ్వంతో నురగ కట్టేదాకా చిలికారు.

ఆ సాయంత్రం అమ్మవారికి నివేదించాక మొదటి దొప్ప ముసలినాయుడుకు ఇచ్చారు. గునపం చంకలో పెట్టుకునే తాగాడు. చేదుకు సిద్ధపడి ముఖం ముందే ముడుచుకుని ఉన్నాడు. ఆ ముడత మెల్లగా విడిపోయింది. బెల్లం తీపి కాదది; లేత జొన్నగింజను పంటితో నొక్కితే వచ్చే పాల తీపి. గొంతు దిగాక కూడా చాలాసేపు నాలుక మీదే కూర్చుని ఉంది. జనమంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"ఏటి నాయుడూ, చేదా?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

ఆయన దొప్ప ముందుకు చాపాడు. "తెలీలేదక్కా. ఇంకోసారి పొయ్" అన్నాడు.

మూడు దొప్పలు తాగి, గునపాన్ని అమ్మవారి ఎదుట పాతి, ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాడు. మంటపంలో పసుపు రాసి, బొట్టు పెట్టి ఉండేది ఆ గునపమే. తోటల జోలికి ఎవరూ రాకుండా అదే కాపలా అని పెద్దలు చెప్తారు. చాపలమ్మి అని నవ్విన ఆడవాళ్లంతా మరుసటి ఏడు ఎర్నమ్మ దగ్గరే చాపలు అల్లడం నేర్చుకున్నారు.

కొన్నేళ్ల క్రితం జపాను దేశం నుంచి తేయాకు పండించే ముసలి దంపతులు ఈ కొండకు వచ్చారు. పందిళ్లు చూసి మెట్ల మధ్యలోనే ఆగిపోయారట. తమ ఊళ్లోనూ చిగురు వేళ ఇరవై రోజులు రెల్లు తడికలు, గడ్డి కప్పి నీడ పడతారని, ఆ నీడలోనే ఆకుకు తీపి వస్తుందని వెంట వచ్చినవారితో చెప్పించారు. తూర్పుసామి చెప్పకుండా వెళ్లిన ఆ మిగిలిన మాట ఇదే. ఆయన రాలేకపోతే, తల్లి తానే వచ్చి చెప్పింది.

నేటికీ ఫాల్గుణ బహుళ నవమికి తుంగపాడు నుంచి కొత్త చాపలు పుట్టింటి సారెగా మేళతాళాలతో వస్తాయి. కొండ కింది వంతెన దగ్గరే మేళం ఆపేసి, అక్కడి నుంచి అడుగుల చప్పుడు కూడా వినిపించకుండా మోసుకొస్తారు. నిండు గర్భిణులు పాత చాపలోని తుంగపోచ ఒకటి తీసుకెళ్లి పక్కలో పెట్టుకుంటారు. పురుడు సుఖంగా జరిగాక బిడ్డతో వచ్చి ఏడు కొబ్బరికాయలు సమర్పిస్తారు.

చతుర్దశి ఉదయం మీరు ఇక్కడ ఉండగలిగితే తప్పక ఉండండి. ఆ ఏడు ఊరికి కొత్తగా వచ్చిన కోడలు గర్భాలయం గుమ్మం ముందు నిలబడుతుంది. అత్తగారు మెట్ల మీద కర్ర పట్టుకుని కూర్చుంటుంది. కొండంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది.

"ఏమే కోడలా, చాప తీసినావా?" అని అత్త అడుగుతుంది.

"తీస్తానత్తా!" అంటుంది కోడలు.

ఇరవై ఒక్క రోజులు అణచుకున్న నవ్వు వేల గొంతుల్లోంచి ఒక్కసారి పైకి వస్తుంది. ఆ నవ్వుల్లోనే చాప లేస్తుంది, గంట మోగుతుంది, పచ్చని తల్లి కనిపిస్తుంది. ఆ క్షణాన ఆమెను చూసిన కళ్లకు చలువ, ఆ తీర్థం తాగిన నోటికి మంచి మాట, ఆ చాపనీడ సోకిన ఇంటికి అత్తాకోడళ్ల పొత్తు తప్పక కలుగుతాయి. దోసిలి పట్టండి, తీర్థం వస్తోంది.