పన్నెండు మాటల కాపలా

"ఒరేయ్, నేను దివానునిరా! తలుపు తియ్యి!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. వంటల సింగమ్మ గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తింది. పొద్దు నడినెత్తికొచ్చింది, కోటగోడ కట్టే కూలీలు ఆకలికి పారలు పడేశారు, బియ్యమేమో కొట్టులో ఉంది.

దొంగల భయంతో దివానుగారు మాటలు చెక్కిన ఓ చక్రం చేయించారు లెండి. రోజూ పొద్దున్నే తిప్పితే పొంతన లేని పన్నెండు మాటలు పడతాయి. అవి వరసగా చెబితేనే కొట్టులోకి దారి. ఇవాళ్టివి ఆయనే మర్చిపోయారు!

"చెప్పకపోతే మిమ్మల్నైనా ఆపమన్నది మీరే కదండీ," అన్నాడు కాపలా పోలయ్య.

సింగమ్మ అందుకుంది. "తప్పో ఒప్పో తేల్చేది నువ్వేగా పోలయ్యా? అంటే నీకు వచ్చన్నమాట."

"పొల్లు పోకుండా వచ్చు. ఎవరికీ చెప్పకూడదు."

"మాకెందుకయ్యా? నీకు నువ్వే చెప్పుకుని, నువ్వే లోపలికెళ్ళి బియ్యం పట్రా."

పోలయ్య దివాను వైపు చూశాడు. దివాను నేల వైపు చూశాడు. పోలయ్య గోడకు తిరిగి పన్నెండూ గొణుక్కుని, "సరిగ్గానే చెప్పావు, పో" అని తనకు తానే సెలవిచ్చుకుని, బస్తా మోసుకొచ్చాడు.

అన్నం ఉడికింది. కూలీల బంతి చివర దివాను కూర్చున్నాడు. సింగమ్మ గరిటె ఆపింది.

"మాట చెప్పండి."

"ఆకలే, తల్లీ."

"సరిపోయింది," అని వడ్డించి, తనూ పోలయ్య పక్కనే ఆకేసుకుని కూర్చుంది.