బాతుపిల్లకి నాలుగు మెతుకులు

అనగనగా ఒక ఊళ్ళో, రైలుగేటుకి ఇవతల, ఒక బైండింగు కొట్టు ఉండేదంట. ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను మరి. ఆ కొట్లో హైమావతి అని ఒకావిడ పనిచేసేది. చిరిగిన పుస్తకం ఆవిడ చేతిలో పెడితే చాలు, దారంతో కుట్టి, దళసరి అట్ట వేసి, కొత్తదాన్ని చేసి ఇచ్చేది. మైదా ఉడకబెట్టి ఆవిడ చేసే జిగురుకి ఊళ్ళో పెద్ద పేరు. ఒకసారి అంటుకుందంటే ఇక ఊడి రావడమన్న మాటే లేదు.

ఆ హైమావతికి ఒళ్ళంతా గీర. అక్షరం ఉంటేనే చదువనేది, బొమ్మలు ఏడ్చే పిల్లల్ని ఏమార్చడానికనేది. ఎవరైనా బొమ్మల పుస్తకం బైండింగుకి తెస్తే, దీనికి అట్ట కూడా దండగేనండీ అని మొహం మీదే అనేసేది. ఆ నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా!

ఆవిడకి నాలుగేళ్ళ కూతురు ఉండేది, ఇందుమతి అని. ఆ పిల్లకి మాట తక్కువ, కళ్ళు మాత్రం ఇంతింత. ఒకరోజు పిల్ల మేనత్త పట్నం నుంచి ఒక పుస్తకం తెచ్చింది. చూస్తే ఏముంది, అంతా బొమ్మలే. పేజీకి ఒక్కటంటే ఒక్క వాక్యం. హైమకి చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆడపడుచు ముచ్చటపడి తెచ్చింది కదా, ఏమంటుంది? పిల్ల చింపేస్తుందేమోనని, ఇంకా చదవకముందే దానికి బైండింగు చేసేసింది.

బైండింగు చేసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. పుస్తకం చివర రాత లేని కాగితం కనిపిస్తే, దాన్ని అట్టకి అతికించేస్తారు, గట్టిగా ఉంటుందని. హైమ కూడా అదే చేసింది. చివరి కాగితం వెనకవైపు ఒక్క అక్షరం ముక్క లేదు. ఇంకేం, నిండా జిగురు పూసి, అట్టకి అదిమి, పైన రుబ్బురాయి బరువు పెట్టి ఆరబెట్టింది.

ఆ తర్వాత రోజూ దీపాలు పెట్టే వేళకి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివేది. ఎలా చదివేదనుకున్నావు? కొట్లో కాగితాన్ని అదిమిపెట్టినట్టు ఎడమ చెయ్యి బొమ్మ మీద ఆనించి, కుడి చేతి వేలు అక్షరాల కింద జరుపుతూ గబగబా చదివేసేది. చదువుతుంటే మధ్యలో మాట్లాడకూడదని పిల్లకి గట్టిగా చెప్పి ఉంచింది కూడా.

కథ కూడా చిన్నదే. అమ్మబాతు పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువు అవతల పెళ్ళికి బయల్దేరింది. దారిలో వాన పడింది. పెళ్ళికి చేరి అందరూ కడుపునిండా పాయసం తాగి హాయిగా ఉన్నారు. అంతే, అయిపోయింది.

అయితే ఆ ఆఖరి మాట వినగానే ఇందు కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారేవి. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, రోజూనూ. హాయిగా ఉన్నారంటే ఏడుపెందుకే అని హైమ అడిగేది. పిల్ల ఉలకదు, పలకదు. పైగా అన్నం కూడా సరిగ్గా తినడం మానేసింది. హైమ గుండెల్లో రాయి పడింది. ఒక్కగానొక్క బిడ్డ మరి.

అప్పుడు మొదట దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పోస్తే ఇల్లంతా ఘాటు, హైమకీ వాళ్ళాయనకీ దగ్గే దగ్గు. ఇందు మాత్రం ఆ సాయంత్రం కూడా ఏడ్చింది.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నాలుక చూశాడు, కడుపు నొక్కి చూశాడు, పిల్లకి రోగమేమీ లేదమ్మా అన్నాడు. ఊరికే పంపడం ఎందుకని నులిపురుగుల మందు రాసిచ్చాడు. అది తాగి కూడా ఇందు ఏడ్చింది.

అప్పుడిక హైమకి ఆ పుస్తకం మీదే కోపం వచ్చింది. వెధవ బొమ్మలు, ఇవే పిల్లని పాడుచేస్తున్నాయని తీసుకెళ్ళి బీరువా మీద దాచేసింది. ఆ రోజు నుంచి ఇందు అన్నం పూర్తిగా మానేసింది. నోట్లో పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉండేది. బతిమాలారు, బెదిరించారు, చందమామని చూపించారు. ఊహూ. మూడో రోజుకి పిల్ల మొహం పీక్కుపోయింది, లేచి నిలబడితే కాళ్ళు వణికాయి. పిల్ల తనకి దక్కుతుందో లేదోనని హైమకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

సరే, పంతం నాకెందుకు, దాని పుస్తకం దానికిచ్చేస్తాననుకుని మధ్యాహ్నం బీరువా మీంచి దించి తెరిచింది. తెరిచేసరికి ఏముంది? పేజీ మూలల్లో ఎండిపోయిన అన్నం మెతుకులు! ఈ పేజీలో నాలుగు, ఆ పేజీలో నాలుగు, దాచేసే ముందు రాత్రి పెట్టినవి కాబోలు. పాయసం మరకలు, పెరుగు మరకలు. తన చేత్తో చేసిన బైండింగు! హైమకి ఒళ్ళు మండి, పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఏమిటే ఈ పని అంటూ చెయ్యెత్తింది.

ఇందు తల వంచుకుని నెమ్మదిగా అంది. "బాతుపిల్లకి పెట్టానమ్మా. అది పెళ్ళికి రాలేదు కదా."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఏ బాతుపిల్ల అని అడిగింది హైమ. ఇందు ఆశ్చర్యంగా తల్లి మొహంలోకి చూసింది. నీకు తెలియకపోవడమేమిటి అన్నట్టు చూసింది. తర్వాత మొదటి పేజీ తీసి, మెతుకులు అంటుకున్న మూల మీద వేలు పెట్టింది.

అక్కడ, తుంగ మొక్కల పక్కన, ఒక చిట్టి బాతుపిల్ల ఉంది. దాని కాలికి తెగిన వల దారం చిక్కుకుంది. తక్కినవి వరసగా అమ్మ వెనక వెళ్ళిపోతున్నాయి. ఇది కాలు లాక్కుంటూ ఉంది. హైమ నోరు వెళ్ళబెట్టింది. అప్పుడు ఇందు రెండో పేజీ తిప్పింది. వానలో అమ్మబాతూ పిల్లలూ అరిటాకు కింద దూరి ఉన్నాయి. వెనక గట్టు మీద ఆ చిట్టిది ఒక్కతే తడిసి ముద్దయింది. ఆ తర్వాత మూడో పేజీ తిప్పింది. పందిట్లో అందరూ పాయసం తాగుతున్నారు. కంచెకి అవతల, చీకట్లో, అదే బాతుపిల్ల ముక్కు తెరుచుకుని లోపలికి చూస్తోంది.

ఈ సంగతి పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చెప్పలేదే! రోజూ తను చెయ్యి ఆనించింది సరిగ్గా ఆ మూల మీదే. తను లేనప్పుడు పిల్ల ఒక్కతే తిరగేసి చూసుకునేది. పిల్ల చూసిన కథ వేరు, తను చదివిన కథ వేరు. హైమ కొయ్యబారిపోయింది. మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ అని అడిగింది.

"నువ్వు చూసి కూడా రోజూ దాన్ని వదిలేసి వచ్చేస్తున్నావనుకున్నానమ్మా."

ఆ మాటకి హైమ నిలువునా నీరైపోయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలా నేలమీద కూలబడిపోయింది. పిల్లల పుస్తకం రాసినవాళ్ళు బాతుపిల్లని అలా వదిలేస్తారా? వాళ్ళకి మనసనేది ఉండదా? అనుకుంటూ అనుకుంటూ చివరి పేజీ తిప్పబోయింది. దాని వెనక ఏముంది? అట్ట ఉంది. తను జిగురు పూసి అదిమిన అట్ట.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం వెనక అక్షరాలు లేవు గానీ, రంగులున్నాయి. ఏ రంగులో, ఏ బొమ్మో చూడనే లేదు! బిడ్డని ఇన్నాళ్ళు ఏడిపించింది దిష్టీ కాదు, రోగమూ కాదు. తన చేతులే.

ఇక హైమ పరుగున వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు మరగబెట్టింది. ఆవిరి మీద అట్ట పట్టి, కాగితం కోసే కత్తితో అంచు లేపింది. రాదే! ఊరంతా మెచ్చిన జిగురు కదా. తన జిగురుని తనే తిట్టుకుంది, చేతులు కాల్చుకుంది. పక్కన ఇందు ఊపిరి బిగబట్టి కూర్చుంది. మొదట కంచె బొమ్మ బయటపడింది. ఆ తర్వాత వాన వెలిసిన బాట వచ్చింది. ఆ తర్వాత ఒక పెద్ద రెక్క, రెక్క కింద చిట్టి బాతుపిల్ల, కాలికి ఇంకా ఆ దారం ముక్క. పాయసం వదిలేసి అమ్మబాతు వెనక్కి వచ్చేసిందన్నమాట! కానీ అమ్మబాతు మొహం దగ్గరికి వచ్చేసరికి కాగితం పర్రున చిరిగింది. మొహం అట్టకే అంటుకుపోయింది.

హైమకి ఏడుపు ఆగలేదు. ఇందు మాత్రం ఆ రెక్క వైపే చాలాసేపు చూసింది. అమ్మబాతు ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగింది.

"ఎప్పుడో వచ్చింది తల్లీ. నేనే అతికించేశాను," అంది హైమ.

ఆకలేస్తోందమ్మా అంది ఇందు. మూడు రోజుల తర్వాత గిన్నెడు పెరుగన్నం తింది. తిన్న తర్వాత రంగు పెన్సిలు తెచ్చి, చిరిగిన చోట అమ్మబాతుకి తలకాయ గీసింది. దానికి గుండ్రటి కళ్ళజోడు, నుదుట ఇంత బొట్టు. అచ్చం హైమావతే.

ఎందుకే నవ్వుతావు? అవును, ఈ కళ్ళజోడే, ఈ బొట్టే. ఆ ఇందు మీ అమ్మే. ఇప్పుడు తెలిసిందా, గళ్ళు గళ్ళుగా బొమ్మలేసిన నీ లావుపాటి నవల నేను పేజీకి అంతసేపు ఎందుకు చూస్తానో? ముసలిదానికి చదవడం రాదని నవ్వుకుంటావు కదూ. ఎవరైనా వెనకపడిపోయారేమోనని మూలమూలా వెతుక్కుంటానే పిచ్చితల్లీ. నువ్వు కూడా, నాకు కనపడట్లేదనిపిస్తే, మధ్యలో ఆపి చెప్పు. సరేనా?

కథ కంచి బస్సెక్కింది,
బాతుపిల్ల రెక్క కిందికి చేరింది,
అక్షరం ఒక కంట, బొమ్మ ఇంకో కంట,
రెండు కళ్ళూ మూసుకుని నిద్దరపోవే మనింట.